ఎడమచేతి బోల్టు

నెవిల్ వంటింటి త్రాసును వెంట తెచ్చుకున్నాడు.

తుపాకులు చేసే ఇహాయా షెడ్డులో ఇంతకన్నా మంచి త్రాసు ఉందని భార్య రేవిన్ దారిలో రెండుసార్లు చెప్పింది. "అలవాటైన త్రాసు వేరు" అని, దాన్ని పాత తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కారు రేవిన్ నడిపింది. ఈ మధ్య ఎక్కడికి వెళ్లినా ఆమే నడుపుతోంది. పక్క సీట్లో కూర్చుంటే కొండలు చూసుకోవచ్చంటాడు నెవిల్. నలభై ఏళ్లుగా చూస్తున్న కొండల్లో కొత్తగా ఏం కనబడుతోందో ఆమెకు అర్థం కాలేదు, అడగనూ లేదు.

ఫెయిర్లీ ఊరి చివర, ఇంటి వెనక రేకుల షెడ్డు ఇహాయాది. తలుపు తీయగానే నూనె వాసన, ఇనప రజను వాసన వచ్చాయి. పొట్టి లాగు, రబ్బరు బూట్లతో అతను లేత్ దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి నలభై ఐదేళ్లవాడైనా నవ్వితే ఇంకా బడిపిల్లాడిలా ఉంటాడు.

"రా ఆంటీ. భుజం ఎలా ఉంది?"

"వానొస్తే ముందే చెబుతోంది. రేడియో కన్నా నయం."

"అంకుల్, అదేంటి, స్కోన్ రొట్టెలు చేస్తావా ఇక్కడ?"

"నీ త్రాసు నీకు అనుకూలంగా మాట్లాడుతుంది" అన్నాడు నెవిల్. బల్లమీద చోటు చేసుకుని త్రాసు పెట్టి సున్నా వచ్చేదాకా వంగి చూశాడు. టీ సంచుల దారాలు కత్తిరించి, పళ్లు తోముకునే బ్రష్షు పిడి సగానికి కోసి, కొండ సంచిలోంచి ఒక్కొక్క గ్రామూ తీసి పారేసే మనిషి. లోయలోని వేటగాళ్లంతా ఆ పిచ్చిని వెక్కిరిస్తారు, ఇంటికి వెళ్లి తామూ అదే చేస్తారు.

బల్లమీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, దానిమీద మూడు యాక్షన్లు వరసగా పెట్టి ఉన్నాయి. చూడడానికి ఒక్కొక్కటీ జానెడు ఉక్కు గొట్టం, అందులో ముందుకీ వెనక్కీ జారే బోల్టు. తూటాను లోపలికి తోసేది అదే. పేలేటప్పుడు గడియ పెట్టిన తలుపులా బిగిసి నిలబడేది అదే. పేలాక ఖాళీ తొడుగును బయటికి విసిరేదీ అదే. రేవిన్‌కు కొత్త తుపాకీ చెయ్యాలంటే ముందు వీటిలో ఒకటి ఎంచుకోవాలి. అది తేలకుండా తుపాకీ గొట్టం పొడవు గురించీ, భుజానికి ఆనే మడమ చెక్క గురించీ ఇహాయా ఒక్క మాట కూడా మాట్లాడడు.

మొదటిది రేవిన్ ఇన్నాళ్లూ వాడిన, ఆమె తండ్రి తుపాకీలోది. పోయిన వారం ఆమే తెచ్చి ఇచ్చింది. పాత సైన్యపు ఉక్కు, అంచుల దగ్గర నలుపు పోయి బూడిద రంగు తేలింది.

"పన్నెండు వందల నలభై" చదివాడు నెవిల్. "దీని మీద రొట్టె కాల్చుకోవచ్చు."

"చెక్కితే రెండొందలు తగ్గుతుంది. అంతకన్నా తగ్గదు" అన్నాడు ఇహాయా. "ఆ తుపాకీతో మీ నాన్న ఇరవై ఏళ్లు వేటాడాడు ఆంటీ. చెక్కడానికి నాకు చెయ్యి రావడం లేదు."

రెండోది టైటానియం. బూడిద రంగులో వెలిసిపోయినట్టు ఉంది. బోల్టు మాత్రం ఉక్కుదే. త్రాసు మీద పెట్టగానే నెవిల్ ఈల వేశాడు. "ఐదొందల డెబ్బై! రే, చూశావా?"

మూడోది సన్నగా, నల్లగా, మామూలు ఉక్కుతో చేసినది. బరువు తగ్గడానికి బోల్టు చుట్టూ మెలికలుగా గాడులు తీశారు. రేవిన్ దాన్ని చూసి మొదట ఏదో తేడాగా ఉందనుకుంది. తర్వాత తెలిసింది. బోల్టు పిడి ఎడమవైపు ఉంది.

ఎవరూ చెప్పకుండానే చెయ్యి చాచింది. ఎడమ బొటనవేలికి సేఫ్టీ మీట తగిలింది. వేళ్లు ముడిస్తే పిడి చేతిలోకి వచ్చింది. పైకి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి నొక్కింది. మజ్జిగలో కవ్వం తిరిగినట్టు జారింది. అరవై ఒక్క ఏళ్ల ఎడమచేతి మనిషి రేవిన్. ఇన్నేళ్లలో తన చేతికోసం చేసిన బోల్టును తాకడం ఇదే మొదలు.

"క్వీన్స్‌టౌన్ ఆయనొకడు దీన్ని అడుగుతున్నాడు" అన్నాడు ఇహాయా. "శనివారం మధ్యాహ్నం దాకా మీకోసం ఆపాను. ఇది పోతే మళ్లీ వచ్చే ఏడాదే. ఎడమచేతివి వాళ్లు ఏడాదికోసారే చేస్తారు."

"ఏడొందలు" అన్నాడు నెవిల్. త్రాసు మీదనుంచి దాన్ని తీసి గుడ్డ మీద, మిగతా రెంటికీ కాస్త దూరంగా పెట్టాడు. "టైటానియం తీసుకో. నూటముప్ఫై గ్రాములు తక్కువ. పైగా కుడిచేతిది. ఎడమచేతి తుపాకీ రేపు ఎవడు కొంటాడు? కుడిదైతే పేపర్లో వేసిన రోజే అమ్ముడుపోతుంది."

ఇహాయా బల్లమీదున్న మర ఒకటి తీసి ఇటూ అటూ తిప్పి చూశాడు.

ఇంకా తయారే కాలేదు, అప్పుడే అమ్మకం గురించి మాట్లాడుతున్నాడు. రేవిన్ ఆ బోల్టుకోసం మళ్లీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పోయిన శీతకాలం రాళ్లజారులో పడి కుడి భుజం విరిగాక, లోపల పలక వేసి కట్టాక, ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉంది. ఇంకెన్నాళ్లు కొండెక్కుతుందిలే అన్న మాట. డాక్టరు అనలేదు, పిల్లలు అనలేదు. చివరికి మొగుడన్నాడు.

"గురువారం రండి" అన్నాడు ఇహాయా తొందరగా. "రెంటికీ పాత గొట్టాలు బిగించి, ముతక చెక్కల్లో కూర్చోబెడతాను. వెనక పొలంలో కాల్చి చూడండి. కాగితం మీద తేలేది కాదిది."

వెళ్లేటప్పుడు ఆమె తండ్రి తుపాకీ బోల్టును గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. ఆ బోల్టూ ఆ తుపాకీ ఒకే కప్పు కింద ఉంచకూడదు, అతని అలవాటు అంత.

*

బుధవారం రేవిన్ ప్లమ్ పళ్లు సీసాల్లో పెట్టింది. చెట్టు ఈసారి విరగకాసింది. పళ్లు కడిగి, గింజలు తీసి, పాకం పోసి, మూతలు బిగించాలి. నిండిన సీసాను కుడిచేత్తో ఎత్తితే భుజంలో సూది దిగినట్టవుతుంది. అందుకని ఒక్కొక్క సీసానూ ఎడమచేత్తో ఎత్తి, పొట్టకు ఆనించుకుని, బల్లదాకా నడిచింది.

పనిచేస్తూ ఆ మాటనే నమిలింది. రేపు ఎవడు కొంటాడు. రేపు.

కుడిచేతి తుపాకీని ఎడమ భుజానికి ఆనించి కాల్చడం ఎలా ఉంటుందో నెవిల్‌కు తెలియనిది కాదు. మొదటి తూటా వరకూ ఏమీ లేదు. రెండోదానికి బోల్టు అవతలి వైపున ఉంటుంది. ఎడమచెయ్యి తుపాకీకి బిగించిన దుర్భిణి మీదుగా అటు వెళ్లాలి. ఆ కాసేపూ తుపాకీ బరువంతా కుడిచెయ్యి ఒక్కటే మొయ్యాలి. చెంప మడమ మీదనుంచి లేస్తుంది, దుర్భిణిలోంచి కొండే మాయమవుతుంది, వేడి తొడుగు ముక్కు ముందునుంచి ఎగిరిపోతుంది. మళ్లీ చెంప ఆనించి వెతుక్కునేసరికి మేక ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు? పోయిన జూన్‌లో, ఇక్కడి శీతకాలంలో, మెకాలే లోయలో జరిగింది అదే. మొదటి దెబ్బకు తార్ అనే కొండమేక పోతు కాలు విరిగింది. రెండో దెబ్బ ఆలస్యమైంది. గాయపడ్డ జంతువును వదిలి రాకూడదని నెత్తుటి చారల వెంట రెండు గంటలు వెతికారు. దొరికింది. దాన్ని ముగించి దిగివస్తుంటేనే ఆమె జారింది.

ఇప్పుడు ఆ కుడిచెయ్యి పాకం సీసానే మొయ్యలేకపోతోంది.

నెవిల్ వంటింట్లోకొచ్చి టీ పోసుకున్నాడు. ధార కప్పు పక్కన బల్లమీద పడింది. "ఛ" అని చేత్తో తుడిచాడు.

"నిన్న తుడిచిన బల్ల అది" అంది రేవిన్. మామూలుగా అయితే అనేది కాదు.

"కెటిల్ ముక్కు వంకరపోయింది."

"పదేళ్లనించీ ఆ ముక్కు అలాగే ఉంది."

అతను పేపరు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. పేపరును ఎడమపక్కకు బాగా జరిపి పట్టుకున్నాడు, అవతల ఎవరికో చదివి వినిపిస్తున్నట్టు. తనకు మొహం చాటెయ్యడానికే అలా తిప్పుకున్నాడనుకుంది రేవిన్.

సీసాలయ్యాక చేతులు తుడుచుకుని, తండ్రి బోల్టును దాచడానికి బట్టల గది పైఅరలోని బిస్కెట్ల డబ్బా దించింది. తుపాకులు ఇనప బీరువాలో ఉంటాయి, వాటి బోల్టులు ఈ డబ్బాలో, ఒక్కొక్కటీ ఒక్కో ఉన్ని మేజోడులో. బూడిదరంగు మేజోడు తనది, ఎర్రచారలది నెవిల్‌ది. పెళ్లైన కొత్తల్లో పెట్టిన ఏర్పాటు. ఇప్పటివరకూ మారలేదు.

డబ్బా మూత తీసింది. ఎర్రచారల మేజోడు ఖాళీగా, చదునుగా పడి ఉంది.

బీరువా దగ్గరకు వెళ్లి తాళం తీసింది. నెవిల్ తుపాకీ ఉండే గాడిలో ఏమీ లేదు.

"నెవ్, నీ తుపాకీ ఏది?" అని ఇక్కడినుంచే అరిచింది.

కిటికీ దగ్గరనుంచి జవాబొచ్చింది. "ఇహాయాకిచ్చా. బోల్టు గరగరలాడుతోంది, చూడమని."

నిన్న రెండు గంటలున్నారు ఇహాయా షెడ్డులో. ఆ మాటే రాలేదు. రేవిన్ తండ్రి బోల్టును బూడిదరంగు మేజోడులో దూర్చి, మూత నొక్కి, డబ్బాను పైకి పెట్టింది. అంటే తనది అమ్మకానికి పెట్టేశాడు. ఈమె ఇక ఎక్కలేదని తేల్చుకుని, ఒంటరిగా తనెందుకని తనదీ వదిలించుకుంటున్నాడు. ఇద్దరి కొండనీ ఒక్కడే మూసేస్తున్నాడు, ఆమెను ఒక్క మాట అడగకుండా.

రాత్రి భోజనానికి వేటమాంసం సాసేజ్‌లు వేయించింది. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

*

గురువారం వాయవ్యం గాలి వీస్తోంది. ఇహాయా గొర్రెలను పక్క పొలంలోకి తోలి గేటు వేశాడు. రెండొందల గజాల దూరంలో, మట్టికట్టకు ముందు, భోజనం పళ్లెమంత ఇనప రేకు గొలుసులకు వేలాడుతోంది.

తుపాకులు రెండూ చాపమీద ఉన్నాయి. ముతక చెక్కలు, మెరుగు లేని గొట్టాలు, పైన పాత దుర్భిణులు. అందం ఏమీ లేదు. కాల్చే ముందు ఇహాయా వేలెడంత ఇత్తడి రంగు కడ్డీలు రెండు తీసి చూపించాడు.

"చూడాంటీ. దీనిమీద బోల్టు మూసుకోవాలి." కడ్డీని తూటా కూర్చునే గదిలో పెట్టి బోల్టును చిటికెన వేలితో నొక్కాడు. మూసుకుంది. "దీనిమీద మూసుకోకూడదు." వెంట్రుకవాసి పొడవైన రెండోది పెట్టాడు. బోల్టు సగంలో ఆగిపోయింది. "అంతే. ఇక మీ మొహాలు భద్రం."

"నా మొహం ఎవడు చూస్తాడు" అన్నాడు నెవిల్. "ముందు నేను కాలుస్తా. టైటానియం ఎంత సుఖమో చూపిస్తా ఈవిడకి."

చాపమీద బోర్లా పడుకుని, మడమను కుడి భుజానికి ఆనించుకున్నాడు. రేవిన్ పక్కనే విడి దుర్భిణి ఒకటి పట్టుకుని మోకాళ్లమీద కూర్చుంది, దెబ్బ ఎక్కడ పడిందో చెప్పడానికి.

మొదటిది పేలింది. మట్టికట్టలో ఎక్కడో దుమ్ము లేచింది. రేకు కదల్లేదు.

"రెండడుగులు కుడికి" అంది.

రెండోది. మళ్లీ దుమ్మే, ఈసారి పైన.

"గాలి" అన్నాడు నెవిల్.

"గాలే అంకుల్" అన్నాడు ఇహాయా. అంటూనే తన రబ్బరు బూట్ల వంక చూసుకున్నాడు.

ఈ గాలి లోయలో పుట్టిపెరిగిన మనిషి నెవిల్. ఇంతకు రెండింతల గాలిలో, ఇంతకు రెండింతల దూరంలో అతను గురి తప్పడం రేవిన్ చూడలేదు. మూడోసారి ఆమె రేకు వంక చూడలేదు. దుర్భిణి దించి మొగుడి మొహం చూసింది.

కుడికన్ను గట్టిగా మూసి ఉంది. ఎడమకన్ను తెరుచుకుని, తుపాకీ దుర్భిణి గాజులోకి చేరాలని తంటాలు పడుతోంది. గింజను చూసే కోడిలా మెడ చెక్క మీదుగా వంచి, చెంప గాలిలో తేలుతూ, మనిషి మొత్తం మెలితిరిగి ఉన్నాడు.

తుపాకీ పేలింది. రేకు కదల్లేదు.

కెటిల్ ముక్కు. పక్కకు జరిపిన పేపరు. కారు నువ్వు నడుపు, కొండలు చూసుకుంటా. ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి, సీసాల మూతలు వరసగా బిగుసుకున్నట్టు. అతను లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకునేదాకా రేవిన్ ఆగింది.

"నీ వంతు" అన్నాడు ఆమెవైపు చూడకుండా.

ఆమె ఎడమచేతి తుపాకీ వెనక పడుకుంది. మడమ ఎడమ భుజంలో ఒదిగింది. కుడిచెయ్యి ముందుచెక్క కింద ఊరికే ఉంది. బరువు చాపమీది ఇసుక సంచే మోస్తోంది. ఊపిరి సగం వదిలి నొక్కింది.

టంగ్.

చెయ్యి దానంతటదే కదిలింది. పైకి, వెనక్కి, ముందుకు, కిందికి. ఖాళీ తొడుగు ఎడమపక్కకు, దూరంగా గడ్డిలోకి ఎగిరిపోయింది. చెంప లేవలేదు. గాజులో రేకు ఇంకా ఊగుతూనే ఉంది, మధ్యలో తన గురి గీత అలాగే ఉంది. కొండ ఎక్కడికీ పోలేదు.

టంగ్. టంగ్.

"అబ్బో" అన్నాడు ఇహాయా. "ఆంటీ, ఇన్నాళ్లూ ఒక చెయ్యి కట్టేసుకుని వేటాడావన్నమాట."

రేవిన్ లేచి కూర్చుంది. బోల్టు వెనక్కి లాగి, గది ఖాళీ అని చూసి, తుపాకీని చాపమీద పెట్టింది. తర్వాత నెవిల్ దగ్గరకు నడిచింది. అతను గేటుకానుకుని నిలబడి ఉన్నాడు. అరచేత్తో అతని ఎడమకన్ను మూసింది. రెండో చెయ్యి మొహం ముందు పెట్టింది.

"ఎన్ని వేళ్లు?"

"ఏంటే ఈ ఆటలు..."

"ఎన్ని వేళ్లు, నెవ్?"

అతను తల వెనక్కి తీసుకోబోయాడు. గేటు అడ్డొచ్చింది. నెమ్మదిగా అన్నాడు. "చెయ్యని తెలుస్తోంది. అంచులున్నాయి. మధ్యలో మసిగుడ్డ పెట్టినట్టుంది."

ఇహాయా గడ్డిలో తొడుగులు వెతుక్కుంటూ దూరం జరిగాడు.

"ఎప్పటినించి?"

"క్రిస్మస్ ముందునించి."

"డాక్టరుకు చూపించావా?"

"తిమారులో. జనవరిలో."

"జనవరిలో పళ్ల డాక్టరు దగ్గరికన్నావు."

"నోటికీ కంటికీ ఎంత దూరం" అన్నాడు. ఆమె నవ్వలేదు. "ఇక ఇది తిరిగి రాదన్నాడు. రెండోది బాగుందట. కారు నడపొచ్చట. నాకే ధైర్యం చాలక నీకిచ్చా."

"తుపాకీ?"

"అమ్మిపెట్టమని ఇచ్చేశా వాడికి. కొమ్మమీద కాకిని కూడా కొట్టలేని వాడికి తుపాకీ ఎందుకు? నేను రాకపోతే నువ్వొక్కదానివి వెళ్తావా? ఆ భుజంతో, ఆ మంచులో? ఒక ఏడాది వెళ్తావు, తర్వాత మానేస్తావు. అది బీరువాలో తుప్పుపడుతుంది. అందుకే అన్నా, అమ్ముకోవడానికైనా పనికొచ్చేది తీసుకోమని."

రేవిన్ అతని కంటిమీది చెయ్యి తీసేసింది. రెండు రోజులుగా గుండెల్లో పెట్టుకు తిరుగుతున్న బండ ఏదో కదిలి కిందికి దొర్లిపోయినట్టయింది. ముందు కోపం రావాల్సింది. కానీ నవ్వొచ్చింది.

"నన్ను మూల కూర్చోబెడుతున్నావనుకున్నా."

"నిన్నా?" నెవిల్ నిజంగానే తెల్లబోయాడు. "నిన్ను మూల కూర్చోబెట్టాలంటే ట్రాక్టరు కావాలి. మూల కూర్చునేది నేనే."

"ఆ సంగతి చెప్పడానికి నోరు లేదా? నీ కన్ను దాచుకోవడానికి నా చేతికి కుడిపక్క బోల్టు అంటగడతావా? నా భుజం సంగతి తెలిసి?"

అతను నేలవైపు చూశాడు. "తప్పే" అన్నాడు. మళ్లీ అన్నాడు, కాస్త గట్టిగా. "తప్పే, రే."

గాలికి గేటు గొలుసు కొట్టుకుంది. రేవిన్ అతని మోచెయ్యి పట్టుకుని చాప దగ్గరకు లాక్కొచ్చింది.

"పడుకో."

"చూశావుగా ఇందాక."

"ఇటు, ఈ ఎడమచేతిదాని వెనక. ఎడమ భుజానికి."

"అరవై నాలుగేళ్లకి ఇప్పుడు చెయ్యి మార్చమంటావా?"

"నేను ఆరేళ్లకే తుపాకీ ఎడమ భుజానికి మార్చా, మా నాన్న తిడుతుంటే. నిన్నెవరూ తిట్టడం లేదు. పడుకో."

అప్పుడే పుట్టిన దూడలా పడుకున్నాడు నెవిల్. ఎడమకాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మడమ మెడకింద పెట్టుకున్నాడు. రేవిన్ దాన్ని భుజంలోకి జరిపింది. కుడిచెయ్యి ట్రిగ్గరు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె దానిమీద ఒక్కటిచ్చి ముందుకు పంపింది. చివరికి చెంప చెక్కమీద ఆనింది. ఎడమకన్ను గాజు వెనక సరిగ్గా కూర్చుంది.

అతను ఊపిరి బిగబట్టాడు. "ఓ" అన్నాడు మెల్లగా. "రేకు అంచున తుప్పు కూడా కనబడుతోంది."

మొదటిది రేకు కింద మట్టిలో పడింది. రెండోది గొలుసుకు తగిలి రేకు గిర్రున తిరిగింది. మూడోదానికి బోల్టు లాగబోయి కుడిచెయ్యి ఎత్తాడు. ఖాళీ గాలిని పట్టుకున్నాడు. తనను తానే తిట్టుకుని ఎడమచెయ్యి వెతుక్కున్నాడు.

నాలుగోది టంగ్‌మంది.

నెవిల్ తుపాకీమీదనుంచి తల ఎత్తలేదు. చాలాసేపు అలాగే, చెంప ఆనించి, ఊగుతున్న రేకును చూస్తూ ఉండిపోయాడు. అతని వీపు ఒకసారి అదిరింది. రేవిన్ పక్కన కూర్చుని ఆ వీపుమీద చెయ్యి వేసింది.

గడ్డిలోంచి ఇహాయా కేక పెట్టాడు. "అంకుల్, ఆ రేకు నాది! చిల్లులు పడితే కొత్తది కొనివ్వాలి!"

*

శనివారం పదకొండు గంటలకు మళ్లీ షెడ్డులో ఉన్నారు. త్రాసు కూడా వచ్చింది.

నల్ల ఉక్కు యాక్షన్‌ను నెవిల్ మరోసారి తూచాడు. అంకె మారలేదు. "ఏడొందలే" అన్నాడు, ఆశ చావక. "టైటానియం కన్నా నూటముప్ఫై ఎక్కువ. ఇహాయా, గొట్టంలో అంత తగ్గించగలవా?"

"సన్నగొట్టం వేస్తే ఓ అరవై తగ్గుతుంది. ఇంకా సన్నం చేస్తే మూడో తూటాకే వేడెక్కి గురి తిరుగుతుంది. మరీ తేలికైన తుపాకీ ఒకచోట నిలవదు కూడా, అంకుల్. కొత్తగా చెయ్యి మారుస్తున్నావు, కాస్త బరువుండనీ."

"నూటముప్ఫై గ్రాములంటే..." నెవిల్ వేళ్లమీద లెక్కపెట్టబోయాడు. "ఒక జత మేజోళ్లు, సగం చాక్లెట్టు."

"నెవ్" అంది రేవిన్. "నీ పాత తుపాకీ ఎంత?"

"దుర్భిణితో మూడు కిలోల తొమ్మిదొందలు."

"అది ఇక కొండకి రావడం లేదుగా. ఇద్దరికీ ఒకటే. ఎంత తగ్గింది?"

నెవిల్ నోరు తెరిచి, మూసి, త్రాసు వంక చూశాడు. టీ సంచుల దారాలు కత్తిరించి ఏళ్లతరబడి కూడబెట్టిన గ్రాములన్నీ కలిపినా ఇందులో పాతికో వంతు కూడా ఉండవని అతని మొహంలో కనబడింది.

"ఇహాయా" అన్నాడు. "ఈవిడ మాట వేటగాళ్ల క్లబ్బులో ఎవరికీ చెప్పకు. నేను కనిపెట్టానని చెబుతా."

ఇహాయా అప్పటికే ఫోను తీసుకుని క్వీన్స్‌టౌన్ ఆయనకు లేదని చెబుతున్నాడు. ఫోను పెట్టేసి, టైటానియంను దాని డబ్బాలో పెట్టి మూశాడు. రేవిన్ తండ్రి యాక్షన్‌ను నూనెగుడ్డతో తుడిచాడు. "దీన్ని పాత చెక్కలోనే మళ్లీ బిగించి ఇస్తానాంటీ. గోడకి బాగుంటుంది." తర్వాత కొలతబద్ద తీశాడు.

"మడమ పొడవు. మోచెయ్యి వంచి నిలబడు ఆంటీ. ఎడమచెయ్యి."

మోచేతి వంపునుంచి చూపుడువేలి కణుపుదాకా బద్ద పెట్టి చదివాడు. "పదమూడు అంగుళాలు, ఓ గీత తక్కువ. ఇప్పుడు నువ్వంకుల్."

నెవిల్ చెయ్యి పద్నాలుగు దాటింది. ఇహాయా బద్ద చూసి తల గోక్కున్నాడు. "అంగుళం పైన తేడా. నీ కొలతకి చేస్తే ఆంటీకి చెంప కుదరదు. మధ్యస్థంగా చెయ్యమంటారా? ఇద్దరికీ అటూ ఇటూ..."

"వద్దు" అన్నాడు నెవిల్. "ఆవిడ కొలతే రాయి."

"మరి నీకు ఇరుగ్గా ఉంటుంది."

"నాది పొడుగుచెయ్యి. ముడుచుకుంటా." బల్లమీది పెన్సిలు తీసి ఇహాయా చేతిలో పెట్టాడు. "ఇన్నాళ్లూ ఆవిడ సర్దుకుంది. రాయి."

ఇహాయా రాశాడు. రేవిన్ కిటికీలోంచి బయటి గొర్రెలను చూసింది. కళ్లు తడిసి, కాసేపటిదాకా వాటిని లెక్కపెట్టడం కుదరలేదు.

ఫ్లాస్కులో టీ తెచ్చింది. బల్లమీద కప్పు పెట్టబోయి ఆగి, నెవిల్‌కు ఎడమపక్కన, బాగా ఎడమపక్కన పెట్టింది. అతను ఆమె వంక చూశాడు. ఫ్లాస్కు వంచి పోసుకున్నాడు. ఒక్క చుక్క బయట పడలేదు.

"మే నెలకి అందుతుంది" అన్నాడు ఇహాయా సాగనంపుతూ. "అప్పటికి తార్లకి చలికాలపు జూలు నిండుతుంది."

తిరుగు ప్రయాణంలోనూ కారు రేవిన్ నడిపింది. సోమవారం నుంచి నువ్వే నడుపు అంది. సరేనన్నాడు. ఒళ్లో త్రాసు, దానిమీద తువ్వాలు. ఊరి చివరి రొట్టెల కొట్టు దాటాక ఆమెకు పక్కనుంచి చిన్న గొణుగుడు వినబడింది. చూస్తే నెవిల్ ఎడమచేతిని గాలిలోకి ఎత్తి, లేని పిడిని పట్టుకుని, అక్షరాలు దిద్దుకునేవాడిలా పెదాలు కదుపుతున్నాడు.

"పైకి, వెనక్కి, ముందుకు, కిందికి. పైకి, వెనక్కి..."

కుడిచెయ్యి ఒకసారి పొరపాటున లేచింది. దాన్ని తొడకింద పెట్టుకుని కూర్చున్నాడు.

రేవిన్ కారును కాస్త నెమ్మది చేసింది.